కాకినాడకు తన దేహాన్ని ఇచ్చిన హాల్డేన్



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి, అల్లూరి గురించి సీనియర్లు ఎన్నోసార్లు రాశారు. ఈసారి మేము ఎంచుకున్న పేరు మీలో చాలామంది విని ఉండరు. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టారు. భారత పౌరుడిగా కన్నుమూశారు. తన దేహాన్ని మన కాకినాడ వైద్య విద్యార్థుల చదువుకు వదిలి వెళ్లారు. ఆయనే జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్.

ఈ పేరే ఎందుకో చెప్పాలంటే ముందు మా గది సంగతి చెప్పాలి. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు ఉండేవాడు. అరకు చలి మీకు తెలుసు కదా. పుష్యమాసంలో తెల్లవారుజామున స్టడీ అవర్ గంట కొట్టగానే అందరం దుప్పట్లు కప్పుకుని వరండాలోకి పోయేవాళ్లం. వాడు మాత్రం మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పడుకునేవాడు. దొంగ నొప్పులని ఎగతాళి చేసింది మేమే. ఒకటి రెండుసార్లు దుప్పటి లాగేశాం కూడా. కళ్లు పచ్చబడితే కామెర్లన్నారు, ఊళ్లో పసరు మందు పోయించారు. చివరికి ఎక్కడో రక్తపరీక్ష చేస్తే సికిల్ సెల్ జబ్బని తేలింది. ఆ కాగితాన్ని వాడు ట్రంకు పెట్టె అడుగున, పాత నోటుపుస్తకాల కింద దాచేశాడు. పదిమందికీ తెలిస్తే అక్క పెళ్లి ఆగిపోతుందని ఇంట్లోవాళ్ల భయం. పదో తరగతికి రాకుండానే హాస్టల్ వదిలి వెళ్లిపోయాడు. మేము డిగ్రీకి వచ్చాక ఒకరోజు సంతలో కలిసి, ఇదంతా వాడే చెప్పాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తన దేహంలో ఏం జరిగినా దాచుకోని మనిషి హాల్డేన్. అందుకే ఆయన కథ మనకు కావాలి.

బాల్యం - గనిలో మొదటి పాఠం

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. మనలాగా ఇంట్లో మొదటి డిగ్రీ ఆయనది కాదు. కలిగిన కుటుంబం, పుస్తకాల ఇల్లు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో, మురుగు కాలువల్లో, సముద్రం అడుగున మనుషులు పీల్చే గాలి మీద ఆయన పరిశోధన. మందిమీద ప్రయోగం చేసేముందు తన మీదే చేసుకోవడం ఆయన పద్ధతి. కొడుకునూ వెంట తీసుకుపోయేవారు.

ఒకసారి గనిలో మీథేన్ వాయువు నిండిన చోట తండ్రి కొడుకును లేచి నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. పిల్లవాడు కొన్ని పంక్తులు చెప్పేసరికి ఊపిరి అందక కాళ్లు మడతపడి కింద పడ్డాడు. నేల దగ్గరకు రాగానే గాలి ఆడింది, తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది, నేలమీద ఉంటే బతకవచ్చు అని ఆ పిల్లవాడికి అలా తెలిసింది. ఇక జీవితాంతం మరిచిపోలేదు.

ఎనిమిదేళ్ల వయసులో తండ్రి వెంట వెళ్లి మెండెల్ సూత్రాల మీద ఒక ఉపన్యాసం విన్నారు. తర్వాత చెల్లెలు నవోమితో కలిసి ఇంట్లో గినీ పందులు, ఎలుకలు పెంచి, పిల్లలకు ఏ రంగు వస్తోందో లెక్కలు రాసుకున్నారు. 1915లో ఎలుకల మీద వాళ్లు ప్రచురించిన పత్రం జన్యుశాస్త్రంలో తొలినాటి ముఖ్యమైన పత్రాల్లో ఒకటి. ఆశ్చర్యం ఏమిటంటే, ఇంత పెద్ద శాస్త్రవేత్తకు సైన్సు డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా పోరాడి రెండుసార్లు గాయపడ్డారు. మెసొపొటేమియాలో తగిలిన గాయం మానడానికి ఆయనను పంపింది భారతదేశానికే. ఈ దేశాన్ని ఆయన మొదట చూసింది అప్పుడే.

దేహమే ప్రయోగశాల

యుద్ధం తర్వాత 1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం బోధించడానికి చేరారు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఊపిరి ఏమవుతుందో తెలుసుకోవాలి. కుందేలుకు ఆమ్లం ఎక్కిస్తే దానికి తల నొప్పిగా ఉందో, కడుపులో తిప్పుతోందో అది చెప్పలేదు. అందుకని అమ్మోనియం క్లోరైడ్ నీళ్లలో కలిపి తానే తాగారు. కొన్ని రోజులపాటు ఆయాసంతో రొప్పారు. ఆ ప్రయోగం తర్వాత పసిపిల్లలకు వచ్చే ఒకరకం ఈడ్పుల వైద్యానికి పనికివచ్చింది.

1939 జూన్‌లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. వాళ్లు ఎలా చనిపోయారో తేల్చడానికి హాల్డేన్ మూసిన ఉక్కు గదిలో కూర్చుని అదే చెడుగాలి పీల్చారు. తర్వాత యుద్ధకాలంలో అధిక పీడనం మీద ప్రయోగాలు చేస్తూ ఈడ్పులు వచ్చి వెన్నుపూస దెబ్బతిన్నది. చెవి కర్ణభేరికి చిల్లు పడింది. ఆ నొప్పులు ఆయనను చివరిదాకా వదల్లేదు.

తరతరాల జబ్బులకు లెక్కలు

1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్. మనిషికి వంశంలో వచ్చే జబ్బుల మీద ఆయన గొప్ప పని ఇక్కడే జరిగింది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు హిమోఫీలియా. తల్లికి ఏమీ ఉండదు, కొడుక్కు వస్తుంది. ఇలాంటి జన్యువులో కొత్త మార్పు ఎంత తరచుగా పుడుతుందో 1935లో ఆయన లెక్కగట్టారు. ప్రయోగశాలలో కాదు, కాగితం మీద.

1937లో జూలియా బెల్ అనే శాస్త్రవేత్తతో కలిసి, హిమోఫీలియా జన్యువూ రంగులు గుర్తించలేని లోపం జన్యువూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉన్నాయని చూపించారు. మన కిరండూల్ ప్యాసింజర్ ఉదాహరణ తీసుకోండి. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు సాధారణంగా ఒకే స్టేషన్‌లో దిగుతారు. వేరు వేరు పెట్టెల్లోవాళ్లు ఎక్కడెక్కడో దిగుతారు. జన్యువులూ అంతే. ఏవి కలిసి ప్రయాణిస్తున్నాయో గమనిస్తే ఏవి ఎక్కడ కూర్చున్నాయో తెలిసిపోతుంది. ఈనాటి జన్యుపటాలన్నీ ఈ ఆలోచన నుంచే పెరిగాయి.

జన్యువు పని చేసేది ఎంజైముల ద్వారానే అని గట్టిగా నమ్మిన తొలి తరం శాస్త్రవేత్తల్లో కూడా ఆయన ఒకరు. ఈ మాట అర్థం కావడానికి ఇంకో జబ్బు చూద్దాం. మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. ఒంట్లో ఉప్పు, నీరు, రక్తపోటు నిలకడగా ఉంచే హార్మోన్లు అక్కడ తయారవుతాయి. ఆ తయారీలో 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి. దాని జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి పుట్టిన బిడ్డకు ఎంజైము సరిగా ఉండదు. జబ్బు తీవ్రంగా ఉంటే రెండు మూడు వారాల్లోనే ఉప్పు ఒంట్లో నిలవక, వాంతులై, బిడ్డ ఎండిపోయి ప్రాణం పోతుంది. ఇంట్లోవాళ్లు దిష్టి అనో, విరేచనాల జబ్బనో అనుకుంటారు. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దీన్ని పట్టుకోవచ్చు. రోజూ మాత్రలు వేస్తే బిడ్డ అందరిలా పెరుగుతుంది. తెలిసినవాళ్ల బిడ్డ బతుకుతుంది, తెలియనివాళ్ల బిడ్డ పోతుంది. తేడా అంతే.

మన్యం జ్వరం, మన నెత్తురు

ఇప్పుడు మా తమ్ముడి జబ్బు దగ్గరకు వద్దాం. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ వస్తుంది. ఒక ప్రతి మాత్రమే మారితే ఆ మనిషి వాహకుడు. అతను రోగి కాదు, పొలం దున్నుతాడు, కొండ ఎక్కుతాడు. రెండు ప్రతులూ మారితే మాత్రం జబ్బు. ఆక్సిజన్ తగ్గినప్పుడు గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఆ కణాలు అడ్డుపడతాయి. చలికి, దాహానికి, జ్వరానికి నొప్పి తిరగబెడుతుంది. వాడు పుష్యమాసంలోనే ఎందుకు మూలిగాడో ఇప్పుడు అర్థమైంది కదా.

ప్రాణం తీసే జన్యువు తరతరాలుగా ఎందుకు మిగిలి ఉంది? పిల్లలు చిన్నతనంలోనే పోతుంటే అది ఎప్పుడో మాయం కావాలి. ఇలాంటి ప్రశ్ననే హాల్డేన్ 1940ల చివర థలసీమియా అనే మరో రక్తజబ్బు గురించి వేసుకున్నారు. మధ్యధరా సముద్రపు తీరాల్లో, మలేరియా ఉన్నచోట అది ఎక్కువగా కనిపిస్తోంది. ఒక్క ప్రతి ఉన్నవాళ్లను అది మలేరియా నుంచి కాపాడుతూ ఉండాలని ఆయన ఊహించి, 1949లో ప్రచురించారు. 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో అది నిజమని చూపించారు.

ఈ ముక్క చదివినప్పుడు మాకు ఒళ్లు పులకరించింది. ఒకప్పుడు మన్యం బదిలీ అంటే మైదానం ఉద్యోగులు వణికేవారు, చలిజ్వరం భయంతో. ఆ జ్వరంలోనే మన ముత్తాతలు పోడు కొట్టారు, రాగులు, సామలు పండించారు, పిల్లల్ని కన్నారు. వాళ్లలో కొందరిని కాపాడినవాటిలో ఈ మారిన జన్యువూ ఒకటి. ఇది ఎవరి పాపమూ కాదు, చేతబడి కాదు, శాపం కాదు. మలేరియాతో మన పెద్దలు చేసిన పోరాటం మన నెత్తురులో మిగిల్చిన గుర్తు. కాపాడినందుకు అది అడిగే మూల్యం మాత్రం కొందరు పిల్లలు చెల్లిస్తున్నారు.

భారతదేశంలో పరిశోధన

1957లో, 64 ఏళ్ల వయసులో, లండన్ కొలువు వదులుకుని భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. బ్రిటన్ అంతకుముందు ఏడాది సూయజ్ మీద దాడి చేయడం ఆయనకు నచ్చలేదు. ఇక్కడ ఖద్దరు కుర్తా పైజమా కట్టారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరుడయ్యారు. పేద దేశంలో పరిశోధనకు ఖరీదైన యంత్రాలు లేవని బాధపడనక్కర్లేదని శిష్యులకు నేర్పారు. పువ్వుల రేకులు లెక్కించమన్నారు, పిట్టలు గూడు కట్టే తీరు చూడమన్నారు. కళ్లు, నోటుపుస్తకం, ఓపిక ఉంటే చాలన్నది ఆయన పాఠం. హాస్టల్ పిల్లలకు ఇంతకన్నా ధైర్యం చెప్పే మాట ఏముంది?

ఆయన దగ్గర చేరిన తొలి శిష్యుల్లో ఒకరు మన పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు. హాల్డేన్ ప్రోత్సాహంతో ఆయన మీరాఖాన్ అనే సహచరుడితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద అధ్యయనం చేశారు. మేనమామ మేనకోడలిని చేసుకుంటే, ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా బిడ్డకు చేరే అవకాశం ఒక్కో జన్యువుకు 8లో 1. మేనమామ కొడుకునో, మేనత్త కొడుకునో చేసుకుంటే 16లో 1. యూరప్‌లో మామాకోడళ్ల పెళ్లిళ్లు దాదాపు లేవు కాబట్టి ఇలాంటి అధ్యయనం మన నేల మీదే సాధ్యమైంది.

మన కొండల్లో పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కిల్లో వాళ్లు కిల్లో వాళ్లను చేసుకోరు, పాంగి వాళ్లు పాంగి వాళ్లను చేసుకోరు. ఒకే గోత్రం అన్నాచెల్లెళ్ల వరస. ఇది తెలివైన కట్టుబాటే. కానీ ఇంటిపేరు నాన్న వైపు నుంచే వస్తుంది, జన్యువు అమ్మ వైపు నుంచి కూడా వస్తుంది. మేనమామ ఇంటిపేరు వేరైనా నెత్తురు వేరు కాదు. జన్యువుకు ఇంటిపేరు చదవడం రాదు.

ఒక తప్పు కూడా చెప్పాలి

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం మనకు అలవాటు. హాల్డేన్ కోపిష్టి. ఎవరితోనూ ఎక్కువకాలం సర్దుకుపోలేదు. కలకత్తా సంస్థనూ గొడవపడే వదిలారు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, కార్మికులకు అర్థమయ్యేలా పత్రికలో వందల సైన్సు వ్యాసాలు రాశారు. ఆ రోజుల్లోనే సోవియట్ దేశంలో లైసెంకో అనే అతను జన్యుశాస్త్రాన్నే అబద్ధమని కొట్టిపారేసి, నిజమైన శాస్త్రవేత్తలను వేధించాడు. అది తప్పని అందరికన్నా బాగా తెలిసిన హాల్డేన్ వెంటనే గట్టిగా ఖండించలేదు. పార్టీకి దూరమైంది 1950 ప్రాంతంలోనే. తన దేహం గురించి ఏదీ దాచని మనిషి కూడా, తనవాళ్ల తప్పు దగ్గరకు వచ్చేసరికి మౌనంగా ఉండిపోయారు. మన ఊరి మీద, మన కులం మీద, మన ఇంటి మీద ప్రేమతో మనమూ అలాగే ఊరుకుంటాం. అందుకే ఇది రాశాం.

కాకినాడ దారి

1962లో ఒరిస్సా ప్రభుత్వం పిలుపుమీద భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల మొదలుపెట్టారు. కానీ రెండేళ్లే గడువు మిగిలింది. పేగు క్యాన్సర్ అని తేలి 1964 మొదట్లో లండన్‌లో ఆపరేషన్ చేశారు. క్యాన్సర్ పేరు చెప్పడానికే జనం భయపడే ఆ రోజుల్లో, ఆస్పత్రి మంచం మీద నుంచే తన జబ్బు మీద ఒక హాస్య కవిత రాసి పత్రికలో అచ్చు వేయించారు. అనుమానం రాగానే జనం డాక్టరు దగ్గరకు పోవాలన్నది ఆయన ఉద్దేశం.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. బతికి ఉండగా ప్రయోగాలకు పనికివచ్చిన తన దేహం, చనిపోయాక కూడా ఇతరులకు పనికిరావాలని వీలునామాలో రాశారు. ఆ ప్రకారమే దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేర్చారు. 1958లో పుట్టిన ఆ కాలేజీకి అప్పటికి ఆరేళ్లు. భువనేశ్వర్ నుంచి కాకినాడ దారి మన తూర్పు కనుమల పక్కగానే సాగుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన దేహం మన కొండల పక్కగా పోయి మన పిల్లలకు పాఠమైంది.

మనం చేయవలసింది

2023 జులైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పరీక్షకు కావలసింది ఒక్క రక్తపు చుక్క. జబ్బు ఉన్నవాళ్లకు హైడ్రాక్సీయూరియా నొప్పుల్ని బాగా తగ్గిస్తుంది. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఉంది. చలికి దుప్పటి, దాహం కాకుండా నీళ్లు, జ్వరం వస్తే ఆలస్యం లేకుండా ఆస్పత్రి. హాస్టల్‌లో ఇవి చూడవలసింది పక్క మంచం వాళ్లే.

తమ్ముళ్లారా, వాహకుడని తేలితే సిగ్గుపడకండి. చెడు జన్యువు ఒక్కటైనా లేని మనిషి లోకంలో ఉండడు. అయితే ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, బిడ్డకు జబ్బు రావడానికి. నలుగురిలో ఒకరికే అని కాదు, ప్రతిసారీ అదే లెక్క. కాబట్టి పెళ్లికి ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకుని, తెలిసి నిర్ణయించుకోండి. ఎదుటివాళ్ల కార్డు చూసి సంబంధం విరగ్గొట్టేవాళ్లు, ముందు తమ కార్డు చూపించమనండి.

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు మా బ్యాచ్ వాళ్లం కలిసి పరీక్ష చేయించుకున్నాం. మాలోనూ వాహకులు తేలారు. ఆ కాగితాలను ట్రంకు పెట్టెలో దాచలేదు, ఒకరికొకరం చూపించుకున్నాం. మా తమ్ముడు ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు, నొప్పులు తగ్గాయి. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టాడు. దుప్పటి లాగినందుకు క్షమాపణ అడిగితే నవ్వేశాడు. ఈ వార్షికోత్సవానికి రమ్మన్నాం, వస్తానన్నాడు. వస్తే ముందు వరసలో కూర్చోబెట్టండి. చలిగా ఉంటుంది, ఒక దుప్పటి కూడా ఇవ్వండి.